పక్కన కూర్చున్నవాళ్ళు: సవరల మతచరిత్రలో చెలిమి

ఆదివాసుల మతాల గురించి రాసినవాళ్ళు ఎక్కువగా రెండు లెక్కలు వేశారు. ఒకటి దేవుళ్ళ లెక్క. ఏ తెగకు ఏ దేవుడు, ఏ నెలలో ఏ పండుగ, ఏ కొలుపుకు ఏ బలి అన్నది. రెండోది మనుషుల లెక్క. ఏ ఊళ్ళో ఎందరు కొత్త మతంలో కలిశారు, ఎందరు పాత దారిలో ఉన్నారు అన్నది. ఈ రెండు లెక్కలూ మనకు కావలసినవే. అయితే మన పెద్దలను కూర్చోబెట్టి అడిగితే వాళ్ళు చెప్పే కథ ఈ లెక్కల్లో దొరకదు. కొలుపు జరిగేటప్పుడు ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు, ఎవరు పిలిస్తే ఎవరు వచ్చారు, ఎవరు రాలేదని కొలుపు ఆగిపోయింది అన్న సంగతులు వాళ్ళు ముందు చెబుతారు. దేవుడి మాట ఆ తర్వాత వస్తుంది.

ఈ వ్యాసంలో మేం ఆ మూడో లెక్క చూడాలనుకున్నాం. మా అభిప్రాయం ముందే చెబుతాం. మనిషికి నమ్మకం ఒంటరిగా రాదు, ఒంటరిగా పోదు. తనతో కలిసి కూర్చునేవాళ్ళ నుంచి వస్తుంది, వాళ్ళతో కలిసి ఉన్నంతకాలం నిలుస్తుంది, ఆ పొత్తు మారినప్పుడు మారుతుంది. ఈ మాట ఏ మతానికైనా చెల్లుతుంది. దీనికి ఉదాహరణగా సవరల చరిత్రను తీసుకుంటున్నాం. వంద సంవత్సరాల లోపల ఒకే జాతి మూడు దారుల్లో నడిచింది. అందుకని చెలిమికీ నమ్మకానికీ ఉన్న ముడి అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

సవరల ఊరు

సవరలు తమను తాము సొర అని చెప్పుకుంటారు. వారి భాష ముండా కుటుంబానిది. తెలుగుకూ, ఒడియాకూ దానికీ చుట్టరికం లేదు. ఆంధ్రలో సీతంపేట, భామిని, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల్లోనూ, ఒడిశాలో గజపతి, రాయగడ జిల్లాల్లోనూ వారి ఊళ్ళు ఎక్కువ. కొండవాలులో పోడు, మెట్ల పొలాల్లో వరి, ఇంటి వెనక జీలుగు చెట్టు ఉంటాయి. రాష్ట్రాల సరిహద్దు మధ్యలో గీసినా పెళ్ళిళ్ళు, సంతలు, చావు కబుర్లు రెండు వైపులా నడుస్తూనే ఉన్నాయి.

గోండులకు ఉన్నట్టు సవరలకు పెద్ద గోత్రాలు లేవు. బిరిందా అనే చిన్న వంశం ఉంటుంది. నాలుగైదు తరాల వెనక ఒకే తాతకు పుట్టినవాళ్ళంతా ఒక బిరిందా. ఆ వంశంలో ఒకరినొకరు పెళ్ళి చేసుకోరు. ఊరికి గొమాంగో పెద్ద, బుయ్యా పూజారి. చనిపోయినవారితో మాట్లాడించే వ్యక్తి కుడాన్. ఆ పని ఆడవాళ్ళూ చేస్తారు, మగవాళ్ళూ చేస్తారు. చావు కర్మల్లో ఎక్కువగా ఆడ కుడాన్‌లే కూర్చునేవారు. ఆంధ్ర వైపు ఊళ్ళలో జన్నోడు, ఎజ్జోడు, దిసరి అనే పేర్లు వినిపిస్తాయి.

ఇంత చిన్న వంశాలున్న ఊళ్ళో ఏ పనీ ఒక్క బిరిందాతో కాదు. పోడు కొట్టాలన్నా, ఇల్లు కప్పాలన్నా, శవాన్ని ఎత్తాలన్నా పక్క బిరిందా రావాలి, వియ్యాలవారి ఊరు కదలాలి. పనికి వచ్చినవాడికి పని బాకీ ఉంటాం. విందు తిన్నవాడు విందు బాకీ ఉంటాడు. ఈ బాకీలు తీరిపోవాలని ఎవరూ కోరుకోరు. తీరిపోతే రాకపోకలకు కారణం ఉండదు. సవరల పాత మతం ఈ బాకీల మధ్యే నడిచింది.

చనిపోయినవారితో మాట్లాడటం

సవరల మతం మీద రెండు పెద్ద రచనలు ఉన్నాయి. వెరియర్ ఎల్విన్ 1955లో ఒక పెద్ద పుస్తకం వేశాడు. పియర్స్ విటెబ్‌స్కీ 1970లలో వచ్చి సవర ఊళ్ళలో ఉండి, భాష నేర్చుకుని, 1993లో ఒకటి, 2017లో ఒకటి పుస్తకాలు రాశాడు. వీళ్ళిద్దరూ వర్ణించిన కొలుపులో మనకు ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. అక్కడ అందరూ మాట్లాడతారు.

మనిషి చనిపోతే సోనుం అవుతాడని సవరల నమ్మకం. కుడాన్ కాళ్ళు చాపుకుని కూర్చుని పాట ఎత్తుకుంటుంది. ఆమె ప్రాణం కింది లోకానికి దిగుతుంది. అప్పుడు చనిపోయినవారు ఒకరి తర్వాత ఒకరు ఆమె నోటితో పలుకుతారు. చుట్టూ కూర్చున్న భార్య, బిడ్డలు, అన్నదమ్ములు, వదినలు, పొరుగువాళ్ళు వాళ్ళతో మాటామాటా ఆడతారు. "నన్ను ఎందుకు సరిగా చూసుకోలేదు" అని చనిపోయిన తండ్రి నిలదీస్తాడు. "ఎజ్జోడి దగ్గరికి తీసుకెళ్ళలేదా, మేక కొయ్యలేదా" అని కొడుకు జవాబు చెబుతాడు. పక్కనున్న ముసలమ్మ మధ్యలో కలగజేసుకుని పాత తగువు ఒకటి తీస్తుంది. ఏడుస్తారు, గొడవపడతారు, ఒక్కోసారి పగలబడి నవ్వుతారు. కల్లు పొర్లకుండా చేతి నుంచి చేతికి పోతుంది. చనిపోయినవాడికీ ఒక గుక్క ఇస్తారు, కుడాన్ నోటితో అతను తాగుతాడు.

ఆ మాటల్లో తేలవలసిన ప్రశ్న ఒకటుంది. ఈ మనిషి ఎందుకు చనిపోయాడు? చెట్టు మీంచి పడ్డవాడిని సూర్యుడి సోనుం తీసుకుపోయిందా? చిరుత సోనుమా? భూమి సోనుమా? జవాబు ఒక్కరు చెప్పింది కాదు. కుడాన్ నోట ఒక మాట వస్తే బంధువులు దాన్ని పరీక్షిస్తారు, ఒప్పుకుంటారు, కాదంటారు, మళ్ళీ అడుగుతారు. రోజులు, నెలలు గడిచాక నలుగురికీ ఒప్పుదలైన జవాబు ఒకటి నిలబడుతుంది. అంటే ఆ చావు గురించి ఊరు నమ్మేది ఆ ఊరివాళ్ళు కలిసి కూర్చుని తేల్చుకున్నదే. ఒక ఊళ్ళో మంచి పొత్తు ఉంటే తగువు తొందరగా తీరి, చనిపోయినవాడు తొందరగా పెద్దల్లో కలుస్తాడు. ఇద్దరు అన్నదమ్ములు మాట్లాడుకోని ఇంట్లో చనిపోయిన తండ్రి మాటిమాటికీ కోపంతో తిరిగి వస్తాడు. సోనుం కోపానికీ బతికున్నవారి తగువుకీ మధ్య గీత గీయడం కష్టం.

తర్వాత గువార్ వస్తుంది. చనిపోయినవారి పేరున రాయి నిలిపి దున్నపోతును కోస్తారు. ఆ పై ఏడాదుల్లో కర్జా చేస్తారు. వియ్యాలవారు బియ్యం, కల్లు, డప్పులు పట్టుకుని ఊరు ఊరుగా వస్తారు. ఎవరు ఏమి తెచ్చారో అందరికీ గుర్తుంటుంది, వాళ్ళింట్లో చావొచ్చినప్పుడు అంత పట్టుకెళ్ళాలి. చివరికి ఆ చనిపోయినవారి పేరు పుట్టిన బిడ్డకు పెడతారు. అప్పటికి ఏడుపు తగ్గి, కోపం తీరి, పేరు మళ్ళీ ఇంట్లో వినబడుతుంది. దుఃఖం ఇలా ఏళ్ళ తరబడి నలుగురి మధ్య కరుగుతుంది.

ఈ మతానికి పుస్తకం లేదు, గుడి లేదు. జ్ఞాపకం ఉన్న మనుషులు చుట్టూ కూర్చోవాలి. కుడాన్ ఎంత గొప్పదైనా అడిగేవాళ్ళు లేకపోతే చనిపోయినవారు పలకరు. సవరల పాత నమ్మకం బలమూ ఇక్కడే ఉంది, బలహీనతా ఇక్కడే ఉంది. కూర్చునేవాళ్ళు లేచిపోతే అది నిలవదు.

నేస్తం కట్టడం

రక్తసంబంధం లేని మనిషిని కొలుపులోకి తెచ్చే దారి కూడా మన ప్రాంతాల్లో ఉంది. ఉత్తరాంధ్రలో దాన్ని నేస్తం కట్టడం అంటారు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లలో జగన్నాథుడి ప్రసాదాన్ని ఒకరి నోట ఒకరు పెట్టుకుని మహాప్రసాద్ అనే నేస్తులవుతారు. ఛత్తీస్‌గఢ్‌లో గంగాజల్, భోజలీ, జవారా అనే పేర్లతోనూ నేస్తం కడతారు. అక్కడ మొత్తంగా ఆ పద్ధతిని మితాన్ అంటారు. నేస్తం కట్టినవాళ్ళు ఒకరి పేరు ఒకరు పెట్టి పిలవరు, నేస్తం అనో మహాప్రసాద్ అనో పిలుస్తారు. నేస్తం తల్లి తన తల్లి. అతని ఇంటి చావుకు తానూ ఇంటివాడిలా వెళ్ళాలి. తెగ వేరైనా, కులం వేరైనా ఈ ముడి తెగదు.

ఈ పద్ధతిలో గమనించవలసింది ఏమిటంటే, దేవుడి ప్రసాదం చెలిమికి సాక్షి అయింది. ఆ చెలిమి ద్వారా ఒకరి దేవుడు ఇంకొకరి ఇంటికి వచ్చాడు. నేస్తం ఇంటి పండుగకు వెళ్ళినవాడు అక్కడి దేవుడికి దండం పెట్టకుండా తిరిగి రాడు.

పూరీ జగన్నాథుడి కథే దీనికి పెద్ద ఉదాహరణ. శబర నాయకుడు విశ్వావసుడు అడవిలో నీలమాధవుడిని రహస్యంగా కొలిచేవాడట. ఇంద్రద్యుమ్న మహారాజు పంపిన విద్యాపతి అనే బ్రాహ్మణుడు అతని ఇంట అతిథిగా ఉండి, అతని కూతురు లలితను పెళ్ళాడి, మామను బతిమాలి ఆ దేవుడిని చూశాడట. దారి గుర్తుకోసం ఆవాలు చల్లుకుంటూ వెళ్ళాడని చెబుతారు. పూరీలో రథయాత్ర సేవలు చేసే దైతలు ఆ శబర వంశం తమదని చెప్పుకుంటారు. ఇది పురాణకథ, చరిత్ర కాదు. అయినా అందులో మన పెద్దలకు తెలిసిన నిజం ఒకటి ఉంది. కొండ దేవుడు కిందికి దిగింది యుద్ధంతో కాదు, ఇంటి అతిథి మీద పెట్టుకున్న నమ్మకంతో. ఆ నమ్మకాన్ని రాజు వాడుకున్నాడు. చెలిమికి ఉన్న ఈ రెండో ముఖాన్ని కూడా మనం మరవకూడదు.

అక్షరం పట్టుకొచ్చిన పొత్తు

20వ శతాబ్దం మొదటి సగంలో సవరల మధ్యకు అక్షరం వచ్చింది. అది మూడు వైపుల నుంచి వచ్చింది, మూడు వైపులా మనుషుల పొత్తు ద్వారానే వచ్చింది.

మొదటిది గిడుగు రామమూర్తి పంతులు. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరిన ఆయన సవరలను చూసి వారి భాష నేర్చుకోవాలనుకున్నారు. సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లోనే ఉంచుకుని భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు బడి పెట్టి వాళ్ళ భాషలోనే పాఠాలు చెప్పించారు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు అచ్చయ్యాయి. ప్రతి ఆగస్టు 29న మన బడుల్లో ఆయన జయంతిని తెలుగు భాషా దినంగా జరుపుతాం. ఆ రోజున సవర ఇంటివాళ్ళు ఆయనకు భాష నేర్పారన్న మాట కూడా పిల్లలకు చెప్పాలి.

రెండోది మంగై గొమాంగో. 1936లో ఆయన సవర భాషకు సొరంగ్ సొంపెంగ్ అనే సొంత లిపిని తయారుచేశాడు. అందులో 24 అక్షరాలున్నాయి, వాటిని దేవతలతో ముడిపెట్టాడు. ఆయన వెంట అక్షరబ్రహ్మను కొలిచే సమూహం ఏర్పడింది. అక్కడ అక్షరం నేర్చుకోవడమే పూజ. బలులు మాని, కల్లు మాని, ఆ అక్షరాల ముందు కూర్చునేవారు. ఈ సమూహం పెద్దది కాలేదు. అయినా నేర్చినవాడు పక్కవాడికి నేర్పుతూ ఆ లిపిని నిలబెట్టారు. ఈరోజు కంప్యూటర్లో ఆ లిపికి చోటు దొరికిందంటే ఆ చిన్న సమూహమే కారణం.

మూడోది క్రైస్తవ మిషన్. కెనడా బాప్టిస్టులు పర్లాకిమిడి, సెరంగో ప్రాంతాల్లో బడులు, ఆసుపత్రి పెట్టి పని మొదలుపెట్టారు. మొదటి తరాల్లో వాళ్ళ వెంట వెళ్ళిన సవరలు కొద్దిమందే. చాలాకాలం కుడాన్‌ల చుట్టూ జనం కూర్చుంటూనే ఉన్నారు. విటెబ్‌స్కీ 1970లలో వచ్చినప్పుడు తాను ఉన్న కొండల్లో పాత మతమే నడుస్తోందని రాశాడు. ఆ తర్వాత ఒక్క తరంలో ఆ ఊళ్ళలో ఎక్కువమంది బాప్టిస్టులయ్యారు. ఇంత తొందరగా ఎలా మారింది?

పిల్లలు ముందు లేచారు

సాధారణంగా చెప్పే కారణాలు కొన్ని ఉన్నాయి. దున్నపోతుల ఖర్చు, షావుకారు అప్పు, జబ్బులకు మందు, బడి చదువు, కచేరీలో కాగితం చదవగలగడం. ఇవన్నీ నిజమే. కానీ ఈ కారణాలు అందరికీ ఒకేలా ఉన్నా ఒక ఇంట్లో కొడుకు చర్చికి వెళ్ళాడు, తండ్రి కుడాన్ దగ్గర కూర్చున్నాడు. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే పొత్తు దగ్గరికే వస్తాం.

పాత కొలుపులో మాట పెద్దలది. చనిపోయినవారిని ఎరిగినవాళ్ళే వాళ్ళతో మాట్లాడగలరు. పిల్లలు పక్కన ఆడుకుంటూ వినేవారు, వయసొచ్చేకొద్దీ తమకూ చనిపోయినవాళ్ళు ఏర్పడి మాటల్లోకి దిగేవారు. కుడాన్ కావాలన్నా చిన్నప్పటి నుంచి ఒక పెద్ద కుడాన్ పక్కన ఉండి నేర్చుకోవాలి. బడి, హాస్టల్ వచ్చాక పిల్లలు సరిగ్గా ఆ వయసులో ఊళ్ళో లేరు. సెలవులకు వచ్చేసరికి వాళ్ళకు ఆ మాటల వరుస అందలేదు. హాస్టల్లో, చర్చిలో వాళ్ళకు ఈడువాళ్ళ పొత్తు దొరికింది. కలిసి పాట నేర్చుకున్నారు, కలిసి చదివారు, ఆదివారం కలిసి కొండ దిగారు. చర్చిలో పదిహేనేళ్ళ పిల్ల కూడా లేచి పాడవచ్చు, చదవవచ్చు. స్నేహితుడు చేరాడని స్నేహితుడు చేరాడు. బోధ అర్థమైంది ఆ తర్వాత.

అటు పెద్దల వైపు కూడా చూడాలి. కల్లు మానాలని చర్చి చెప్పింది. కల్లు సవరలకు ఉత్త తాగుడు కాదు. దాన్ని పంచుకుంటేనే మాట నడిచేది, చనిపోయినవారు కూడా అదే గుక్కలో కలిసేవారు. కొడుకు చిప్ప పక్కకు పెట్టిన రోజున తండ్రికి తెగింది కల్లు సంబంధం కాదు, కూర్చునే సంబంధం. నిజమే, తాగుడు తగ్గి ఆడవాళ్ళకు ఊరట కలిగిన ఇళ్ళున్నాయి, అప్పు తగ్గిన ఇళ్ళున్నాయి. అదే సమయంలో బలి మాంసం తినకూడదన్న కట్టడితో అన్నదమ్ములు ఒక విస్తరి దగ్గర కూర్చోలేని పరిస్థితి వచ్చింది. కొలుపుకు పదిమంది రావలసిన చోట నలుగురు వచ్చారు. మిగిలిన పెద్దలు కూడా, ముఖ్యంగా ఒంటరి ముసలివాళ్ళు, పిల్లల వెంట చర్చికి వెళ్ళారు. తమ శవాన్ని ఎత్తేది ఆ పిల్లలే కదా.

విటెబ్‌స్కీ తన రెండో పుస్తకంలో ఈ మార్పు వల్ల మిగిలిన దుఃఖం గురించి రాశాడు. చనిపోయినవారు ఏసు దగ్గరికి వెళ్ళారని కొత్త బోధ చెబుతుంది. వాళ్ళు మంచిచోట ఉన్నారు, నిజమే, కానీ మాట్లాడరు. ముందు ఏళ్ళ తరబడి నలుగురి మధ్య కరిగిన ఏడుపు ఇప్పుడు ఒక ప్రార్థనలో ముగియాలి. కొందరికి అది చాలింది, కొందరికి చాలలేదు. దానికి బదులుగా కొత్త సమూహం తన దారి తాను వేసుకుంది. చావు ఇంటికి చర్చివాళ్ళు రాత్రంతా వచ్చి పాడతారు, బియ్యం పోగుచేసి ఇస్తారు, కట్టెలు తెస్తారు. బోధ మారినా, చావుకు మనుషులు కావాలన్న పాత నియమం మారలేదు.

గోండుల దగ్గర ఇదే నియమం

ఇది సవరలకే చెందిన సంగతి కాదని చూపడానికి తెలుగు నేల ఇంకో కొసకు, ఆదిలాబాద్‌కు వెళ్దాం. అక్కడ గోండులు పాత పండుగలను ఇప్పటికీ గట్టిగా నిలుపుకున్నారు. ఎలా నిలిచాయో చూస్తే మళ్ళీ మనుషుల పొత్తే కనబడుతుంది.

దీపావళి ముందు దండారీ బృందాలు నెమలి ఈకల మల్‌టోపీలు పెట్టుకున్న గుస్సాడీలతో ఊరి నుంచి ఊరికి వెళతాయి. వెళ్ళిన ఊరు ఎదురొచ్చి స్వాగతం చెప్పి, అన్నం పెట్టి, రాత్రి కలిసి ఆడుతుంది. ఆ ఊరి దండారీ తిరిగి వీరి ఊరికి రావాలి. ఏత్మాసూర్ పేన్ పూజ ఉంది గానీ అతిథి ఊరు లేకుండా దండారీ లేదు. అక్కడే పెళ్ళి మాటలు కూడా మొదలవుతాయి. తన ఊరు మీద ఇంకో ఊరికి ఆతిథ్యం బాకీ ఉన్నంతకాలం ఏ యువకుడూ పండుగను తేలిగ్గా వదలలేడు.

కేస్లాపూర్ నాగోబా జాతర కూడా అంతే. పుష్య అమావాస్యకు మెస్రం వంశస్థులు కాలినడకన వెళ్ళి గోదావరి నుంచి జలం తెస్తారు. కొత్త కోడళ్ళను నాగోబాకు పరిచయం చేసే భేటింగ్ జరిగాకే వాళ్ళు మెస్రం ఇంటివారవుతారు. ఆడపడుచులకూ అల్లుళ్ళకూ వేరే పనులున్నాయి, వాళ్ళు చేయకపోతే పూజ సాగదు. పెర్సా పేన్ పూజకు ప్రధాన్లు కిక్రీతో కథ పాడాలి. ఇలా ప్రతి కొలుపులోనూ ఇంకొకరికి చోటు అట్టేపెట్టి ఉంది. ఆ ఖాళీ చోటే మనిషిని ఏటేటా తిరిగి పిలుస్తుంది.

బయటి దేశాల పరిశోధకులు కూడా ఇటువంటి సంగతే చెప్పారు. 1965లో జాన్ లోఫ్లాండ్, రాడ్నీ స్టార్క్ అమెరికాలో ఒక చిన్న కొత్త మతంలో ఎవరు చేరుతున్నారో చూశారు. బోధ విని మెచ్చుకున్నవాళ్ళ కంటే, లోపల స్నేహితులున్నవాళ్ళే చివరికి చేరారని తేల్చారు. 2010లో చేయూన్ లిమ్, రాబర్ట్ పుట్నం అమెరికా చర్చిల మీద రాసిన వ్యాసంలో, చర్చిలో దగ్గరి స్నేహితులున్నవాళ్ళే తమ జీవితం తృప్తిగా ఉందని ఎక్కువగా చెప్పారని, స్నేహితులు లేకుండా ఊరికే వెళ్ళివచ్చేవారికి ఆ తేడా పెద్దగా లేదని చూపించారు. మన పెద్దలు దీన్ని గువార్‌లోనూ దండారీలోనూ ఎప్పుడో కట్టిపెట్టారు.

ఈనాడు మన ముందున్నది

ఈ చరిత్ర ఇప్పుడు ఎందుకు? ఆదివాసీ ఊళ్ళలో మతం పేరుతో గీత గీసే ప్రయత్నాలు పెరుగుతున్నాయి. మతం మారినవారిని షెడ్యూల్డ్ తెగల జాబితా నుంచి తీసేయాలని కొందరు అడుగుతున్నారు. 1950 నాటి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో ఉన్నటువంటి నిబంధన తెగల విషయంలో పెట్టలేదు. ఈ చట్టం సంగతి ప్రతి విద్యార్థికీ తెలియాలి. అటువైపు, పాత కొలుపును దయ్యాల పని అని, పండుగ డప్పును పాపమని పిల్లలకు చెప్పేవారు కూడా ఉన్నారు. ఈ రెండు వైపులా జరిగేది ఒకటే. పక్కన కూర్చున్నవాడిని లేపేస్తున్నారు.

సవరల ఊరికి ఆనుకుని ఉన్న కంధమాల్‌లో 2008లో జరిగింది మనకు తెలుసు. ఇళ్ళు కాలిపోయాయి, మనుషులు చనిపోయారు, వేలమంది అడవుల్లో, శిబిరాల్లో తలదాచుకున్నారు. పొరుగువాడు పొరుగువాడిగా కాక ఒట్టి మతంగా కనబడటం మొదలైతే ఎంతదూరం పోతుందో చెప్పడానికి అది చాలు.

మేం ఏ దారి మంచిదని తీర్పు చెప్పడం లేదు. ఒకే జాతిలో కుడాన్ దగ్గర కూర్చున్నవారూ, అక్షరబ్రహ్మను కొలిచినవారూ, చర్చిలో పాడేవారూ అందరూ మనవాళ్ళే. మా మాట ఇంతే. దారి మార్చుకునే హక్కు ప్రతి మనిషికీ ఉంది, ఆ మార్పుతో పొత్తు తెగనవసరం లేదు. కందికొత్తల నాడు చర్చికి వెళ్ళే అన్న బలి మాంసం తినకపోతే అతనికి వేరే కూర వండవచ్చు. కల్లు తాగని తమ్ముడు నీళ్ళ చెంబుతో అదే వరుసలో కూర్చోవచ్చు. క్రిస్మస్ నాడు పాత దారిలోని మామ అన్నానికి రావచ్చు. చావు ఇంటికి మాత్రం అందరూ వెళ్ళాలి. నేస్తం కట్టిన మన పెద్దలు తెగలూ కులాలూ దాటి ఈ ఏర్పాటు చేసుకున్నారు. ఒకే తల్లి బిడ్డలం మనం చేసుకోలేమా?

మాస్టార్లకూ టీచరమ్మలకూ ఒక పని చెబుతాం. పిల్లలతో ఊరి చరిత్ర రాయించేటప్పుడు దేవుళ్ళ పేర్లతో ఆపకండి. ప్రతి ఇంటా నాలుగు ప్రశ్నలు అడిగించండి. ఈ పండుగ మీకు ఎవరు నేర్పారు? ఎవరు పిలిస్తే మొదటిసారి చర్చికో, కొలుపుకో, భజనకో వెళ్ళారు? మీ ఇంట చావు జరిగినప్పుడు ఎవరెవరు వచ్చారు, ఏమి తెచ్చారు? మీరు మానేసిన చోట ఇప్పుడు మీ జాగాలో ఎవరు కూర్చుంటున్నారు? జవాబులు సవరలో వస్తే సవరలో, గోండీలో వస్తే గోండీలో, కువిలో వస్తే కువిలో రాయించండి. చెప్పినవారి అనుమతి తీసుకోండి, రాసింది వారికే చదివి వినిపించండి.

హాస్టల్లో ఉన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఈ సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు మీ నాయనమ్మ పక్కన ఒక పూట కూర్చోండి. మీరు ఏ దేవుడికి దండం పెట్టినా ఆమె మీకు ఎవరి పేరు పెట్టిందో అడగండి. ఆ పేరుగల మనిషి ఎలా బతికాడో, ఎవరితో నేస్తం కట్టాడో, అతని రాయి ఏ చెట్టు కింద ఉందో ఆమె చెబుతుంది. అది రాసి పెట్టుకోండి.